చీకటిలో వెలుగు రంగు: దాని పనియు, దాని హద్దును

సభ్యులారా! పట్టణములలో బండ్ల నంబరు పలకలు వ్రాయు దుకాణములను మనవారు రేడియము షాపులని పిలుతురు. ఆ దుకాణమున ట్రాక్టరు వెనుక అంటించు ఎఱ్ఱని పట్టీయు రేడియమే. పిల్లల గది కప్పున అంటించు చుక్కయు రేడియమే. చిన్న డబ్బాలో అమ్మెడు లేత ఆకుపచ్చ రంగును రేడియమే. నిజమునకు ఈ మూటిలో దేనియందును రేడియము లేదు. అంతియ కాదు, ఈ మూడును ఒక్క తీరున పనిచేయునవియు కావు. పేరు తప్పైన నేమి, పని జరిగిన చాలునని మీ రనవచ్చును. నేనును అట్లే తలచితిని. ఆ యజాగ్రత్త వలన ఒకని కాలు విఱిగినది. కావున ఈ నెల ఈ విషయమును గూర్చి కొంత వివరముగా వ్రాయుచున్నాను.

మూడేండ్ల క్రిందట నూర్పిడి దినములలో మన సభ్యు డొకడు నాయొద్దకు వచ్చి, "అయ్యా, ధాన్యము వేసిన ట్రాలీ రాత్రులు బాట ప్రక్కన నిలుపవలసి వచ్చుచున్నది. వెనుక వచ్చువారికి కనబడుటకు ఏమి పూయుదును?" అని యడిగెను. నేను ఆ వారమే మా యింటి మెట్లకు చీకటిలో వెలుగు రంగు పూసి, దాని సొగసు చూచి మురియుచుంటిని. "ఆ రంగే పూయుము" అంటిని. అతడు నా మాట నమ్మి శ్రద్ధగా పూసెను. ఒకనాటి నడిరేయి నిలిచియున్న ఆ ట్రాలీని, మోటారు సైకిలుపై వచ్చుచున్న పొరుగూరి యువకుడు ఢీకొనెను. ప్రాణము దక్కినది గాని కుడికాలు రెండుచోట్ల విఱిగినది. మఱునాడు సభ్యుడు నాతో, "రంగు వెలుగుచునే యున్నదయ్యా, అతనికి కనబడలేదు" అనెను. నన్నొక్క మాట యనలేదు. అనియున్న బాగుండెడిది.

రంగు వెలుగుచుండగా ఎందులకు కనబడలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొన్నచో, ఈ రంగు ఎక్కడ మేలు చేయునో, ఎక్కడ మోసము చేయునో మీకే విశదమగును.

మూడు విధముల వెలుగులు

మొదటిది మెరుపు పట్టీ. దీనిలో కంటికి ఆననంత సన్నని గాజుపూసలో, పలకలుగా చెక్కిన గాజువంటి మూలలో ఉండును. తనపై బడిన దీపపు కాంతిని అవి చెదరనీయక, వచ్చిన త్రోవనే వెనుకకు పంపును. కావున బండి దీపము పట్టీపై బడగానే, ఆ బండివాని కంటికి పట్టీ భగ్గున మండినట్లు కనబడును. దీపము లేనిచో ఇది ఉత్త బట్టపీలిక. దీనికి సొంత వెలుగు లేదు.

రెండవది పగటిపూట కన్ను చెదరునట్లు మెరయు నారింజ, నిమ్మపండు వన్నెల రంగు. రోడ్డుపని వారు తొడుగు చొక్కాలకు వాడునది ఇదియే. కంటికి కనబడని అతినీల కిరణములను ఇది గ్రహించి, వానిని కనబడు కాంతిగా మార్చి తత్క్షణమే విడుచును. ఎండ యున్నంతసేపే దీని ఆట. చీకటి పడిన వెంటనే చల్లారును.

మూడవదియే మన ప్రస్తుత విషయమైన వెలుగు రంగు. ఇది కాంతిని నిలువ చేసికొని తరువాత మెల్లమెల్లగా విడుచును. చెఱువును తలచుకొనుడు. పగటి కాంతి వాన వంటిది. ఆ శక్తి రంగులోని పలుకుల యందలి చిన్న చిన్న గుంటలలో చిక్కుకొని నిలుచును. మన చుట్టునున్న వెచ్చదనమే తూము. దాని మూలమున ఆ శక్తి కొంచెము కొంచెముగా వెలువడి వెలుగై కనబడును. చెఱువు నిండుగా నున్నప్పుడు తూము నీరు వడిగా పాఱును, మట్టము తగ్గిన కొలది సన్నగిల్లును. ఈ రంగును అంతే. దీపమార్పిన మొదటి నిమిషములలో మిక్కిలి ప్రకాశించును; గంట గడచుసరికి ఆ ప్రకాశములో స్వల్పభాగమే మిగులును; ఆ స్వల్పభాగము మాత్రము తెల్లవాఱువఱకు ఈడ్చుకొని వచ్చును.

ఆ మిగిలిన వెలుగును చూచుటకు చీకటికి అలవడిన కన్ను కావలెను. వెలుతురులోనుండి చీకటిలోనికి వచ్చిన కన్ను పూర్తిగా అలవడుటకు సుమారు 30 నిమిషములు పట్టును. నిద్రనుండి లేచినవానికి అట్టి కన్ను సిద్ధముగా నుండును. బండి నడుపువాడో, తన బండి దీపపు వెలుతురునే చూచుచు వచ్చును. వాని కంటికి ఈ మందకాంతి ఆనదు. ఆ ట్రాలీ విషయమున జరిగిన దిదియే. కావున సభ్యులు ఈ యొక్క సూత్రమును మఱువరాదు: దీపముతో వచ్చువానికి మెరుపు పట్టీ, దీపము లేక తడుముకొనువానికి వెలుగు రంగు.

ట్రాక్టరు ట్రాలీలకును, ఎడ్లబండ్లకును ముందు తెల్లని పట్టీ, ప్రక్కలను పసుపు పట్టీ, వెనుక ఎఱ్ఱని పట్టీ అంటింపవలెను. దుమ్ము కప్పిన పట్టీ పనిచేయదు గనుక వారమున కొకసారి తడిగుడ్డతో తుడువవలెను. గడ్డిమోపులు వ్రేలాడి పట్టీని కప్పకుండ చూచుకొనవలెను.

ఈ రంగు పుట్టుక

ఈ విద్య క్రొత్తది కాదు. ఇటలీదేశమున బొలోన్యా నగరమందు కాషారోలో అను చెప్పులు కుట్టువాడు, సుమారు 1602వ సంవత్సరమున దగ్గరి కొండపై దొరికిన బరువైన రాతిని, అందు బంగారము దొరకు నను ఆశతో, బొగ్గులతో కలిపి కాల్చెను. బంగారము రాలేదు. కాని ఆ కాలిన రాయి పగలు ఎండలో నుంచి రాత్రి చూడగా నిప్పుకణికవలె వెలిగెను. ఆ రాయి మఱేమియు కాదు, మన కడప సీమలో ఓబులవారిపల్లె చెంత మంగంపేట గనులలో కుప్పలు తెప్పలుగా దొరకు ముగ్గురాయి జాతిదే. ముగ్గురాయిని బొగ్గుతో కాల్చినప్పుడు అందలి బేరియము గంధకముతో కూడిన వేఱొక పదార్థమగును. దానిలో లేశముగా నున్న రాగి ఈ వెలుగునకు కారణము. మన యింటి ముంగిలి అలంకరించు రాతికి ఇట్టి చరిత్ర కలదని మనలో ఎందఱెఱుగుదురు?

తరువాతి కాలమున కాల్షియము, తుత్తునాగము గంధకముతో కలిసిన పదార్థములతో రంగులు చేసిరి. అవి ఒకటి రెండు గంటలకే చల్లారెడివి. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిన పిమ్మట, ఎండ యవసరము లేకయే అహర్నిశలు వెలుగు రంగు చేయుటకు వీలయ్యెను. రేడియమునుండి ఎడతెగక వెలువడు కిరణములు తుత్తునాగపు పలుకులను తాకి వెలిగించుచుండును. గడియారముల అంకెలకు దీనిని పూసిరి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు ఆరెంజి పట్టణమున ఈ పని చేయు యువతులకు, కుంచెమొన సన్నగిలుటకు దానిని పెదవులతో కూర్చుకొమ్మని నేర్పిరి. రేడియము సున్నము వలెనే ఎముకలలో చేరునది. వారి దంతము లూడి, దవడలు కుళ్లి, అనేకులు అకాలమరణము నొందిరి. వారిలో ఐదుగురు 1927లో వ్యాజ్యము వేయగా, 1928లో రాజీ జరిగి వారికి పరిహారము లభించెను. పనివారి ఆరోగ్యమునకు యజమాని బాధ్యుడను న్యాయము బలపడుటకు వారి బాధయే తోడ్పడినది.

ఈ కథ మనకు కేవలము పరదేశపు ముచ్చట కాదు. తాతలనాటి పెట్టెలలో పాత విదేశీ గడియారము లుండవచ్చును. వాని అంకెలు నేడు వెలుగకున్నను వెఱపు తొలగినట్లు కాదు. చెడినది వెలుగు పలుకులే. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు పట్టును. అట్టి గడియారమును విప్పుట, అంకెలను గోకుట, పిల్లలకు ఆటకిచ్చుట కూడదు.

నేడు అంగళ్లలో దొరకు మంచి రంగు వేఱు. 1993లో జపాను దేశపు నెమోటో సంస్థవారు స్ట్రాన్షియము అల్యూమినేటు అను పదార్థమున యూరోపియము, డిస్ప్రోసియము అను లోహములను లేశమాత్రము చేర్చి, పూర్వపు తుత్తునాగపు రంగుకంటె సుమారు పది రెట్లు ప్రకాశవంతమై, రాత్రియంతయు కొనసాగు పొడిని సిద్ధపఱచిరి. దీనియందు విషకిరణములు లేవు. స్ట్రాన్షియమను పేరు విని అణుబాంబుల వార్తలు తలచుకొని జంకనక్కఱలేదు. ఇది మామూలు స్ట్రాన్షియము.

మఱొక పేరు చిక్కు కలదు. ఎలుకల మందుగా అమ్మెడు కొన్ని ముద్దలలో పచ్చ భాస్వరముండును. అదియు గాలి సోకి చీకటిలో మిణుకుమనును. అది రంగు కాదు, ఘోరవిషము. కొంచెము కడుపులోనికి పోయినను కాలేయమును చెఱచి చంపును. దానికి విఱుగుడు లేదు. చీకటిలో మెరయునదెల్ల ఒక్కటియే యని పిల్లలు భ్రమపడకుండ తెలియజెప్పుడు.

కొనుటకు ముందు పరీక్ష

విత్తనమును మొలక చూడక చల్లనట్లే, రంగును పరీక్షింపక కొనరాదు. మొదట మిక్కిలి చిన్న డబ్బా కొనుడు. తెల్లసున్నము వేసిన చెక్కముక్కపై పూసి ఆఱనిండు. పది నిమిషములు ఎండలో నుంచి, చీకటి గదిలో పెట్టి, గంట తరువాత పోయి చూడుడు. అప్పుడును స్పష్టముగా కనబడినది మంచిరంగు. పదినిమిషములకే మాసిపోయినది పాతజాతి తుత్తునాగపు రంగు. చీకటిలో అసలే కనబడనిది పైన చెప్పిన రెండవ జాతిది. డబ్బాపై ఏమి వ్రాసియున్నను అది మనకు వలదు. రంగులలో ఆకుపచ్చ వెలుగునదియే మేలు. చీకటిలో మన కన్ను ఎఱుపుకంటె ఆకుపచ్చను సులువుగా పట్టును.

పూయు విధానము

నేను మొదటిసారి పూసినప్పుడు ముదురు గోధుమవన్నె తలుపుపై ఒక్కపూత నేరుగా పూసితిని. అది గడియసేపైన నిలువలేదు. ఇంటివారు నవ్విరి. తప్పు రంగుది కాదు, నాది. ముదురు వన్నె కాంతిని మ్రింగివేయును. క్రింద తెల్లపూత యున్నచో లోనికి పోవు వెలుగు తిరిగి పైకి వచ్చును. కావున ఈ క్రమమును పాటింపుడు.

ఒకటి: పూయుచోటును శుభ్రముచేసి, గఱుకుకాగితముతో రుద్ది, తెల్లరంగు పూసి పూర్తిగా ఆఱనీయవలెను.

రెండు: పొడి బరువైనది గనుక అడుగున పేరుకొనును. పూయుచున్నంతసేపు కలియబెట్టుచుండవలెను. కఱ్ఱపుల్లతోనే కలుపవలెను, పలుకులు మిక్కిలి గట్టివి, ఇనుపగరిట నఱిగి రంగు నల్లబడును. పొడిని మెత్తగా నూఱిన మఱింత బాగుండునని తలపరాదు. పలుకులు చిదిమిన వెలుగు తగ్గును.

మూడు: పలుచగా పూసిన లాభములేదు. రెండు మూడు పూతలు, ఒకటి ఆఱిన పిదప మఱొకటి, వేయవలెను. ఇతర రంగులను ఇందు కలుపరాదు. కలిపిన కాంతి లోనికి పోదు, బయటికి రాదు.

నాలుగు: ఈ పొడికి నీరు శత్రువు. తడి తగిలిన కొలది దాని గుణము చెడును. వాన తగులుచోట ఆరుబయటి పనికై చేసిన రంగునే కొని, పైన తెల్లని పారదర్శకమగు వార్నీషు పూత వేయవలెను. ఎండను అడ్డగించు గుణముగల వార్నీషు మాత్రము వలదు. అది కాంతి నిలువను తగ్గించును.

ఐదు: పొడిగా కొనినచో కలుపునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను, చేతులు కడుగుకొనవలెను.

రంగు నిండుటకు పగటి వెలుతురు శ్రేష్ఠము. మబ్బు పట్టిన పగలైనను పనికివచ్చును. ఇంటిలోపల తెల్లని ట్యూబులైటు ఇరువది నిమిషములు వెలిగిన చాలును. పచ్చని మందదీపము క్రింద తక్కువగా నిండును. ఎఱ్ఱదీపము క్రింద నిండదు. ఎన్నడును వెలుతురు సోకని అటుక మీదనో, మూసిన అలమారులోనో పూసిన రంగు వట్టిదే.

ఇంటిలోని ఉపయోగములు

మెట్ల అంచులు: ప్రతి మెట్టు అంచున రెండువ్రేళ్ల వెడల్పు గీత పూసిన, రాత్రి లేచిన వృద్ధులు తప్పటడుగు వేయకుందురు. మొదటి మెట్టునకును చివరి మెట్టునకును గీత లావుగా నుండవలెను. తఱచు పడుట అక్కడనే.

టార్చిలైటు: నా మతమున ఈ రంగునకు ఇంతకంటె మంచిపని లేదు. కట్లపాము రాత్రులందు ఇండ్లలోనికి వచ్చి నేలపై పరుండినవారిని కఱచును. చీకటిలో చేయి తడుముట ప్రాణాపాయము. టార్చి పిడికి ఒక పట్టెవలె రంగు పూసి, పగలు వెలుతురు పడు కిటికీలో నుంచి, రాత్రి మంచము తలాపున వ్రేలాడదీయుడు. టార్చి వెలిగించిన పిదపనే కాలు నేల మోపుడు. వెలుగు రంగు దారిని చూపును గాని దారిలో నున్న పామును చూపదు.

గ్యాసు పొయ్యి: రాత్రి గ్యాసు వాసన వచ్చినచో విద్యుత్తు మీట నొక్కరాదు, అగ్గిపుల్ల గీయరాదు. అట్టివేళ సిలిండరు రెగ్యులేటరు పిడిపైనను, కిటికీ గడియపైనను ఉన్న చిన్న గుర్తులు ఇల్లంతయు కాపాడగలవు.

తలుపు గడియలు, మీటలు: గొళ్లెమునకును, మీట చుట్టునున్న చట్రమునకును పూయవచ్చును. మోటారు స్టార్టరు పెట్టెకు బయట మూతపై, ఆపు మీట యెదుట ఒక బాణపు గుర్తు వేయుడు. పెట్టె లోపల పూయరాదు. తడిచేతులతో తాకనే కూడదు.

తుపాను పెట్టె: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు దినములతరబడి విద్యుత్తు లేకుండెను. కోస్తావాసులు అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, మందులు, కాగితములు ఒక డబ్బాలో నుంచి మూతపై ఈ రంగుతో పెద్ద గుర్తు వేయుట మంచిది. అందలి మందును మాత్రము దీపమున చీటీ చదివిన పిదపనే త్రాగవలెను.

పిల్లల గది: పడకగది కప్పున చుక్కలు దిద్దుట వేడుకయు, విద్యయు కూడ. మన పల్లెలలో ముసలమ్మ మంచమని చూపెడు సప్తర్షి మండలమును, కృత్తికలను, వాని వాని సరియైన చోటుల పిల్లలచేతనే కొలిపించి దిద్దింపుడు. ఆ పిల్లలు మఱునాటి రాత్రి కళ్లములో పరుండి నిజమైన చుక్కలను వెదకుకొందురు. చీకటికి వెఱచు పసివారికి ఇది తోడుగా నుండును.

పూయరాని చోట్లు

అన్నపానముల పాత్రలకు, పసిపిల్లలు నోటబెట్టుకొను బొమ్మలకు, పశువులు నాకెడు కుడితితొట్లకు, గాటిపట్టెలకు పూయరాదు. పురుగుమందు డబ్బాలకు పూయరాదు. అందముగా వెలుగు వస్తువు పిల్లలను పిలుచును. మందు డబ్బాలకు తాళమే తగిన గుర్తు.

నేలబావుల మాట వేఱుగా చెప్పవలసియున్నది. వర లేని బావి అంచున రాళ్లకు రంగు పూసిన చాలదా యని కొందఱడుగుచున్నారు. చాలదు. తెల్లవాఱుజామున వెలుగు సన్నగిలును. చింతచెట్టు నీడలో అసలే నిండదు. గడ్డి పెరిగి కప్పును. దూడకు రంగు అర్థము తెలియదు. మొదట గోడ కట్టుడు. గోడ కట్టిన పిదప దానిపై పూయుడు. రంగు గోడకు తోడే కాని గోడకు బదులు కాదు.

ముగింపు

ఆ ట్రాలీకి నేడు ఎఱ్ఱపట్టీ కలదు. నా చేతులతోనే అంటించితిని. గాయపడిన యువకుడు కోలుకొని పొలముపని చేసికొనుచున్నాడు గాని, గట్టు దిగునపుడు కొంచెము కుంటును. నే నతని యింటికి పోయి నా తప్పు ఒప్పుకొంటిని. అతని తల్లి నాకు మజ్జిగ యిచ్చి, "మీకు తెలిసిన దింకొకరికి చెప్పండయ్యా" అనెను. ఈ వ్యాసము ఆమె మాట చెల్లించుటకే వ్రాసితిని.

రాబోవు సభ్యుల సమావేశమునకు వచ్చువారు తమ ట్రాలీ పట్టీలను తుడిచి రండు. సభ ముగిసిన పిదప దీపము లార్పించి, మెరుపు పట్టీ నొకటి, వెలుగు రంగు పూసిన చెక్క నొకటి ప్రక్కప్రక్కన నిలిపి, మొదట చీకటిలోను, తరువాత టార్చి వేసియు చూపెదను. నేను నూఱు మాటలలో వ్రాసినది మీ కన్ను ఒక్క నిమిషములో గ్రహించును.